చెరువులోని సూక్ష్మజీవుల శ్వాసక్రియ

మన పెదపాడు ప్రాంతమున చేపలచెరువులు ప్రబలిన పిదప, వేకువజామున బొచ్చెలును శీలావతులును నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట చూడని విద్యార్థి యుండడు. లీటరు నీటిలో ఇంచుమించు 5 మిల్లీగ్రాముల ఆమ్లజని యున్ననే చేపకు సుఖము. పగలు నాచు దానిని పుట్టించును. రాత్రియందు నాచును, చేపలును, అడుగుబురదలోని సూక్ష్మజీవులును కలసి వ్యయపరచును. మబ్బుదినములలో లోటు మరింత హెచ్చును. తెల్లవారునప్పటికి చేప చచ్చును, సూక్ష్మజీవి చావదు. ఇందులకు కారణమును మనము ఆ జీవి పొరలో వెదుకవలెను.

సూక్ష్మజీవికి ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు. మన కణములలోని మైటోకాండ్రియములు సైతము లేవు. దేహమును చుట్టియున్న పలుచని కొవ్వుపొరయే దానికి శ్వాసస్థానము. ఆ పొరను ఈ వైపునుండి ఆ వైపునకు తొలుచుకొని శ్వాస ఎంజైములు నిలిచియుండును. ఆహారమునుండి వెలువడిన ఎలక్ట్రానులు, వీని గర్భమున ఇనుము గల హీములు అను భాగముల మీదుగా దాటి, తుదకు ఆమ్లజనిని చేరగా నీరు పుట్టును. ఆ శక్తిచేత ప్రోటానులు పొర వెలుపల పేరుకొనును. లాకు తలుపు సందున దూకు కాలువనీటివలె అవి లోనికి మరలుచు మరియొక ఎంజైమును చక్రమువలె త్రిప్పును; దానివలన ఎ.టి.పి. తయారగును. పీటరు మిచ్చెలు 1961లో ప్రోటానుల సంగతి చెప్పినపుడు నమ్మినవారు కొలదిమంది. 1978లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఆ ఎ.టి.పి.ని కండరమునుండి వేరుచేసి 1929లో ప్రకటించినవారిలో, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని వ్రాయుట మాకు సంతోషము.

ఇక అసలు విషయము. కోడిపెంటతో చెరువునకు చేరు ఎషెరిషియా కోలై అను సూక్ష్మజీవికి ఆమ్లజనిని పట్టు ఎంజైములు ముఖ్యముగా రెండు తెరగులవి. మొదటిది సైటోక్రోము బి.ఓ. దీని నిర్మాణము 2000లో తెలిసినది. ఇందు ఒక హీమును ఒక రాగిపరమాణువును ఎదురెదురుగా నిలిచి ఆమ్లజనిని పట్టును. ఒక్కొక్క ఎలక్ట్రానునకు రెండు ప్రోటానుల లాభము వచ్చును; కాని యిది సమృద్ధికాలపు యంత్రము. రెండవది సైటోక్రోము బి.డి. ఇందు రాగి లేదు. మూడు హీములు త్రిభుజాకృతిని కూర్చున్నవి. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో దీని రూపమును 2019లో కనుగొనిరి. లాభము ఒక్క ప్రోటానే. అయినను చేపకు చాలు ఆమ్లజనిలో వేయింట ఒక వంతు మిగిలినను ఇది దానిని పట్టుకొనగలదు. నీటిలో వాయువు తగ్గినకొలది జీవి మొదటిదానిని తగ్గించి రెండవదానిని పెంచుకొనును. సగము కూలికైనను పని మానని కూలివానివంటి దీ ఎంజైము!

ఆమ్లజని బొత్తిగా లేని నల్లబురదలో మరియొక జాతి యున్నది. అవి సల్ఫేటుతో శ్వాసించి, కుళ్లిన గ్రుడ్డు కంపు గల హైడ్రోజన్ సల్ఫైడు వాయువును విడుచును. చేప కణములలో ఆమ్లజనిని పట్టు ఎంజైము పైని బి.ఓ.కు జ్ఞాతియే. ఈ వాయువు ఆ రెంటిని స్తంభింపజేయును, బి.డి.ని మాత్రము ఏమియు చేయజాలదు. కావున వలతో అడుగు కలచినపుడు చేపకు కలుగు ఆపద రెండింతలు: గాలి కొరత యొకటి, ఉన్న గాలినైనను వినియోగింపనీయని విషము మరియొకటి.