ప్రథమశ్రేణి విద్యార్థులు పిదప వెనుకబడుట యేల?

హైదరాబాదు నగరమున అమీర్‌పేట మెట్రో స్టేషనులో దిగి మైత్రీవనము వైపు నడచువారికి మొట్టమొదట కనబడునవి భవనములు కావు. వానిని కప్పివేసిన ప్రకటన ఫలకములు. జావా, పైథాన్, ఒరాకిల్, డేటా సైన్సు మొదలగు పేరులు అంతస్తుపై అంతస్తుగా వ్రేలాడుచుండును. కరపత్రములు పంచు కుఱ్ఱవాండ్రు దారి కడ్డమై, డెమో క్లాసు ఉచితమని పిలుచుచుందురు. సాఫ్టువేరు ఉద్యోగములు విస్తరించిన 1990వ దశకము మొదలుకొని తెలుగునాటి ఇంజనీరింగు పట్టభద్రులు వేలకొలదిగా నిచ్చటికి వచ్చి, చుట్టుపట్ల హాస్టళ్లలో నొక మంచము అద్దెకు దీసికొని, రెండు మూడు నెలల తరగతులలో కూర్చుండుచున్నారు. 2020లో కోవిడు వ్యాపించిన పిదప పాఠములు పెక్కు ఆన్‌లైనునకు మరలినను ఆ వీథి వట్టిపోలేదు. నాలుగేండ్లు కళాశాలలో గడిపి పట్టము పుచ్చుకొన్నవారు మరల పలక పట్టుట కొందఱికి నవ్వులాటగా తోచును. మాకట్లు తోచదు. తనకు తెలియదని యొప్పుకొని నేర్వవచ్చినవాడు చెడిపోయినవాడు కాడు. మేమిచ్చట విచారింపదలచినది ఆ మెట్లెక్కుటకు సిగ్గుపడువానిని గూర్చి. పదవ తరగతిలో మొదటివాడై, ఇంటరులో మొదటివాడై, ప్రవేశపరీక్షలో గొప్ప ర్యాంకు తెచ్చుకొని, ఐ.ఐ.టి. వంటి పేరుగన్న విద్యాలయమున చదివినవారిలో కొందఱు, ముప్పదియేండ్లు వచ్చునప్పటికి, ఎన్నడును ఏ ఫలకముపైనను బొమ్మ పడని తమ యీడువారికంటె వెనుకబడి యుండుట యేల?

ముందుగా నొక భ్రమను తొలగింపవలసియున్నది. పెద్ద చదువు చదివినవాడు కోటీశ్వరుడు కాలేదనియు, అమెరికా పోలేదనియు, ఊరిబడిలో పాఠములు చెప్పుకొనుచున్నాడనియు బంధువులు పెదవి విఱుతురు. అది వెనుకబాటు కాదు. బంధువుల యాశాభంగమును వాని ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు. చేయగల శక్తి యుండియు చేయలేక, ఏల చేయలేకున్నాడో తనకే తెలియక లోలోపల క్రుంగిపోవుటను మేము వెనుకబాటనుచున్నాము.

అట్టివాడు పెరిగిన త్రోవను చూతము. నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐ.ఐ.టి. శిక్షణ నారంభించిన 1980వ దశకమున ఆ చదువు కొద్దిమందికి మాత్రమే పరిమితమై యుండెను. ఆయన తరగతిలో చేరుటకే వేఱుగా నొక ప్రవేశపరీక్ష యుండెడిది. తరువాత నది గొప్ప వ్యాపారమైనది. నేడు హైస్కూలు మొదటి తరగతులనుండియే ఫౌండేషను కోర్సులు గలవు. ఇంటరున తెల్లవాఱకమునుపే స్టడీ అవరు. వారము వారము పరీక్ష. మార్కులనుబట్టి సెక్షను మార్పు. ఫలితములు వెలువడిన మఱునాడు పత్రికల మొదటి పుటలును వీథుల కూడళ్లును పిల్లల ముఖములతో నిండిపోవును. ముఖముకంటె దానిక్రింది యంకె పెద్దదిగా నుండును.

ఈ పద్ధతి వట్టి బట్టీ యని తీసివేయుట మాకు సమ్మతము కాదు. జె.ఇ.ఇ. లెక్కలు తేలికైనవి కావు; వానిని చేయగలుగుట నిజమైన శక్తియే. కాని ఆ పరీక్షలోని ప్రశ్న కొక గుణము గలదు. దానికి సమాధానము కలదని విద్యార్థికి ముందే తెలియును. ప్రశ్నను మఱియొకరు కూర్చినారు. కావలసిన వివరములన్నియు నందే యున్నవి. మూడు గంటలలో కాగితము ముగియవలెను; ఒకటి తేలకున్న విడిచి తరువాతిదానికి పోవలెను. ఏండ్లతరబడి యిట్లు సాధన చేసినవానికి ప్రశ్నను చూచినతోడనే అది ఏ జాతిదో పోల్చుకొను నేర్పు వచ్చును. ఏ జాతికిని చెందని ప్రశ్నయెదుట ఓపికతో కూర్చుండు నేర్పు మాత్రము రాదు, ఏలయన నట్లు కూర్చున్నవాడు ఆ పరీక్షలో నష్టపోవును.

ఇప్పుడు వానిని ఒక కార్యాలయమున నుంచుదము. కొందఱు ఖాతాదారులకు మాత్రము, అదియు సాయంకాలము వేళలందు మాత్రము, పేజీ తెఱచుకొనుటకు ఆలస్యమగుచున్నదని యొక ఫిర్యాదు వచ్చినది. తప్పు ప్రోగ్రాములో గలదో, డేటాబేసులో గలదో, నెట్‌వర్కులో గలదో ఎవరికిని తెలియదు. వెనుక పుటలో కీ లేదు. వాడు చేయవలసిన మొదటిపని ప్రశ్నను తానే కూర్చుకొనుట: ఏ ఖాతాదారులు? ఎన్ని గంటలకు? ఎప్పటినుండి? ఇందుకు పదిమందిని అడుగవలెను. చిన్న ఊరి కళాశాలనుండి వచ్చి, అమీర్‌పేట తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి, ప్రక్కవానిని అడిగి అడిగి నేర్చుకొన్నవానికి ఇంకొకమాఱు అడుగుట కష్టము కాదు. ర్యాంకు వచ్చినవానికి మాత్రము నోరు పెగలదు. అడిగిన, తెలియదని తేలిపోవును. తెలియనివాడు తానెట్లగును? ఒకదినము గడచును, రెండుదినములు గడచును. మూడవదినమున ప్రక్కవాడు తప్పు పట్టుకొనును. ఇట్టివి ఇరువది జరిగిన పిదప వాడు క్రొత్తపనులకు ముందుకు రాక, తెలిసిన చిన్నపనియందే ఒదిగి కూర్చుండును.

ఈ భయము పుట్టుకతో వచ్చినది కాదు, మనము పెంచినది. అమెరికాలో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అను నిరువురు విదుషీమణులు 1998లో ప్రకటించిన పరిశోధన దీనిని విశదము చేయుచున్నది. అయిదవ తరగతి పిల్లలకు కొన్ని చిక్కులెక్కలిచ్చి, చేసిన తరువాత కొందఱిని నీవు తెలివిగలవాడవని మెచ్చుకొనిరి. మఱికొందఱిని బాగుగా శ్రమించితివని మెచ్చుకొనిరి. భేదమంతయు నొక్క మాటయే. పిమ్మట కఠినమైన లెక్కలిచ్చిరి. ఆ మీద మొదటివాని వంటి సులభమైనవే మరల ఇచ్చిరి. తెలివికి మెప్పు పొందిన పిల్లలు మునుపటికంటె తక్కువ చేసిరి. శ్రమకు మెప్పు పొందినవారు హెచ్చుగా చేసిరి. అంతకంటె ఆలోచింపదగినది మఱియొకటి గలదు. నీకెన్ని వచ్చినవో ఇంకొక బడి బాలునకు వ్రాయుమనగా, తెలివికి మెప్పు పొందినవారిలో పదిమందికి ఇంచుమించు నలుగురు లేని మార్కులు వ్రాసిరి.

మైత్రీవనము చుట్టునుగల జిరాక్సు దుకాణములలో ఉపాధ్యాయుల నోట్సులును, ఇంటర్వ్యూలలో అడుగు ప్రశ్నలకు సిద్ధమైన జవాబులును కట్టలుగా అమ్ముదురు. నోట్సు కొనుట దోషము కాదు. కాని చేయని ఉద్యోగమును మూడేండ్లు చేసితినని అనుభవపత్రము సంపాదించు నాచారము గూడ ఈ యుద్యోగమార్కెట్టున ప్రబలినదని అందఱు నెఱుగుదురు. లేని మార్కు వ్రాసిన ఆ బిడ్డకును, లేని యనుభవము వ్రాసికొన్న ఈ యువకునకును వయస్సున తప్ప భేదమేమి? ఇరువురకును తెలియదను మాటయే ప్రాణాంతకమైనది.

కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అను పండితుడు 1921లో బుద్ధిపరీక్షలు జరిపి 1,500కు పైగా బాలబాలికలను ఏఱి, వారి జీవితములను దశాబ్దముల తరబడి పరిశీలించెను. వారిలో ననేకులు చక్కగా స్థిరపడిరి, అది మఱువరాదు. కాని పెద్దలైన పిమ్మట పురుషులలో మిక్కిలి కృతార్థులైన 150 మందిని, మిక్కిలి వెనుకబడిన 150 మందిని పోల్చిచూడగా బుద్ధియందు గొప్ప యంతరము కనబడలేదు. చదువుకొన్న తండ్రులు గల యింట పుట్టుట కొంత కారణము. తక్కినది పట్టుదల, ఒక గుఱియందు నిలుకడ, తన్ను తాను తక్కువచేసికొనకుండుట. ఆ పరీక్షలలో చాలినన్ని మార్కులు రాక విడువబడిన బాలురలో విలియం షాక్లీ 1956లోను, లూయిస్ ఆల్వరెజ్ 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి. ఏఱబడినవారి కెవ్వరికిని ఆ బహుమానము రాలేదు.

అంత దూరము పోనక్కఱలేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవమాఱుగాని నెగ్గలేదు. హార్వర్డున ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ఫిస్కేతోగూడి 1925లో ప్రకటించిన తరువాతను, ఆ విశ్వవిద్యాలయము ఆయనకు స్థిరమైన కొలువు నీయలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి, అచ్చట ఫోలిక్ ఆమ్లమును తయారుచేయించి, ఆరియోమైసిను కనుగొన్న పరిశోధకవర్గమును నడపెను. అమీర్‌పేటకు ప్రక్కనే బేగంపేటలో హైదరాబాదు పబ్లికు స్కూలున చదివిన సత్య నాదెళ్లగారు ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలో తప్పినట్లు తామే వ్రాసికొనిరి. 2014లో మైక్రోసాఫ్టునకు ముఖ్యాధికారి యైరి. తప్పినవారందఱు నిట్లగుదురని మేము చెప్పుటలేదు. ఓటమి వీరికి చిన్ననాడే పరిచితమైనది. ర్యాంకు విద్యార్థికి ఇరువదియైదవయేట, తల్లిదండ్రులు చెంత లేని ఊరిలో, మొదటిమాఱు ఎదురగుచున్నది.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటరు ఫలితములు వచ్చినప్పుడు ఒక బాలికకు తెలుగున సున్న పడినది, సరిచూడగా 99. ఆ నడుమ దినములలో ఆ బాలికకు తెలిసిన తెలుగు పెరుగనులేదు, తరుగనులేదు. ఆ ఫలితముల వెనువెంట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. అంకెయే మనిషి యని నమ్మించిన పెద్దలము మనము ఈ విషయమున ఏమి జవాబు చెప్పగలము?

ఇక చేయదగిన పని. ఉద్యోగమున క్రుంగియున్న యువకుడు తనకు బొత్తిగా రాని విద్య నొకదానిని ఎన్నుకొని, పరీక్షయు పత్రమును లేని తరగతిలో, తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండవలెను. అది ఈతయైనను సరే, వీణయైనను సరే. కార్యాలయమున ఏదేని చిక్కు వచ్చినప్పుడు అరగంట తానే చూచి, చూచినదానిని నాలుగు పంక్తులు వ్రాసికొని, ఆ కాగితముతో వెళ్లి ప్రక్కవానిని అడుగవలెను. వట్టిచేతులతో అడుగుటకంటె కాగితముతో అడుగుట సులభము. తల్లిదండ్రులు చేయవలసినది ఇంకను చిన్నపని. బిడ్డ తేలని లెక్కతో వచ్చినప్పుడు వెంటనే జవాబు చూపక, రెండుదినములు దానిని తేలనిండు. ఆ రెండుదినములు మార్కుల ప్రసంగము తేవలదు. కీ పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుడు. మూడవనాడును తేలకున్న, మీరును ఒక కాగితము దీసికొని ప్రక్కన కూర్చుండుడు.