చతుర్దిక్ ధ్వని – పాత రికార్డుల పునర్ముద్రణము

మనకు రెండు చెవులుండుటలో గొప్ప ప్రయోజనము కలదు. కుడి ప్రక్కనుండి వచ్చు ధ్వని కుడి చెవికి ముందుగను, ఎడమ చెవికి కొంచెము ఆలస్యముగను చేరును. ఆ యాలస్యము సెకనులో వేయవ వంతు కంటెను తక్కువ. అయినను మెదడు దానిని పసిగట్టి, ధ్వని యే ప్రక్కనున్నదో నిర్ణయించును. తల అడ్డువచ్చుటచే దూరపు చెవికి ధ్వని కొంత తగ్గి చేరుటయు మరియొక యానవాలు. ముందు వెనుకల సంగతి మాత్రము వేరు. నేరుగా ఎదుటనుండి వచ్చిన ధ్వనియు, నేరుగా వీపు వెనుకనుండి వచ్చిన ధ్వనియు రెండు చెవులకును ఒక్కసారియే చేరును. అట్టియెడ చెవిదొప్ప వంపులును, మనము తెలియకయే తలను కొంచెము త్రిప్పుటయు మెదడునకు సాయపడును.

దీనిని తల్లిదండ్రులు ఇంటియందే పరీక్షింపవచ్చును. పిల్లవానిని పెరటి నడుమ కూర్చుండబెట్టి, కన్నులకు గుడ్డ కట్టి, తల కదల్పవద్దని చెప్పి, చుట్టును తిరుగుచు ఒక్కొక్కచోట చప్పట్లు కొట్టవలెను. ప్రక్కలను తడబడక చూపును. సరిగా ముందు, సరిగా వెనుక కొట్టినప్పుడు ఒక్కొక్కసారి పొరబడును. ఖర్చు లేని యీ పరీక్ష పాఠ్యపుస్తకములోని నాలుగు పుటలకు సమానమని నా యభిప్రాయము.

ఇక రికార్డుల విషయము. 1877లో ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫు మొదలుకొని చాలకాలము వరకు యంత్రములు ధ్వనిని ఒకే తీగవలె వినిపించెను. భజనగోష్ఠిలో నడుమ కూర్చున్నవానికి ఎదుట హార్మోనియము, కుడి ప్రక్క మృదంగము, వెనుక తాళములు వినబడును. ఆ గోష్ఠినే గ్రామఫోనులో విన్నచో అన్నియు ఒకే బాకానుండి వచ్చును. ఆంగ్లదేశమున ఆలన్ బ్లూమ్‌లైన్ అను ఇంజనీరు 1931లో రెండు మార్గముల ధ్వనికి పేటెంటు కోరెను. రికార్డుపై నున్న గాడికి రెండు గోడలుండును గదా! ఒక గోడపై ఎడమ ధ్వనిని, రెండవ గోడపై కుడి ధ్వనిని చెక్కినచో ఒక్క ముల్లే రెంటిని చదువగలదు. ఇదియే స్టీరియో. 1958 ప్రాంతమున స్టీరియో రికార్డులు అంగళ్ళకు వచ్చినవి.

స్టీరియో వచ్చిన తరువాత శ్రోత యెదుట ఒక వేదిక యేర్పడినది. కాని వెనుక గోడ మూగగానే యుండెను. సంగీతశాలలో కూర్చున్నవానికి పైకప్పునుండియు, ప్రక్క గోడలనుండియు, వెనుకనుండియు ప్రతిధ్వని వచ్చి చుట్టుకొనును. అది లేనిదే శాల యన్న భావము కలుగదు. గదియొక్క నాలుగు మూలలను నాలుగు స్పీకర్లుంచి, ఒక్కొక్క దానికి వేరువేరు ధ్వని నిచ్చినచో శ్రోత సంగీతము నడుమ కూర్చుండగలడని కొందరు తలంచిరి. ఈ పద్ధతికి క్వాడ్రఫోనిక్ అని పేరు. మనము చతుర్దిక్ ధ్వని యనవచ్చును.

1969లో అమెరికాలోని వాన్‌గార్డ్ సంస్థ నాలుగు మార్గముల టేపులను వెలువరించినది. 1970లో ఆర్.సి.ఏ. సంస్థ పెట్టెటేపులను తెచ్చినది. పెట్టెటేపుపై ఎనిమిది జాడలుండును. స్టీరియోలో రెండేసి జాడల చొప్పున నాలుగు భాగములు పట్టగా, నాలుగేసి జాడలు వాడిన రెండు భాగములే పట్టును. అనగా అంతే పొడవు టేపునకు పాట సగమే. టేపులో చిక్కు ఇంతవరకే. అసలు చిక్కు రికార్డుతో వచ్చినది. గాడికి ఉన్నవి రెండు గోడలే. ఎక్కింపవలసినవి నాలుగు ధ్వనులు. ఎట్లు?

ఇచ్చట రెండు మార్గములు పుట్టినవి. రెంటిని గూర్చియు కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, నేటి శ్రోతల నిరీక్షణమునకు మూలమిచ్చటనే యున్నది.

మొదటిది మాత్రిక పద్ధతి. పీటర్ షైబర్ అను అమెరికా సంగీతజ్ఞుడు దీనికి ఆద్యులలో నొకడు. కొలంబియా సంస్థవారి ప్రయోగశాలలో బెంజమిన్ బావర్ రూపొందించిన ఎస్.క్యు. పద్ధతియు, జపానులోని సాన్‌సుయి సంస్థవారి క్యు.ఎస్. పద్ధతియు ఈ తెగకు చేరినవి. వెనుక ధ్వనుల తరంగములను కొంత జరిపి, ముందు ధ్వనులతో కలిపి, నాలుగింటిని రెండుగా చేసి గాడిలో చెక్కుదురు. ఇంటియందలి యంత్రము ఆ రెంటిని మరల నాలుగుగా విడదీయవలెను. బీజగణితము చదివిన మీ పిల్లవానిని అడుగుడు: తెలియని సంఖ్యలు నాలుగు, సమీకరణములు రెండే యైనచో జవాబు వచ్చునా? రాదు. కావున మాత్రిక పద్ధతిలో విడదీత పూర్తిగా జరుగదు. ఎదుట పాడు కంఠము వెనుక స్పీకరులోను కొంత తొంగిచూచును. తరువాత వచ్చిన మేలైన యంత్రములు, ఏ దిక్కు ధ్వని ప్రబలముగా నున్నదో క్షణక్షణము కనిపెట్టి తక్కిన స్పీకర్లను తగ్గించుచు ఈ లోపమును కొంత కప్పిపుచ్చినవి. అది కప్పిపుచ్చుటయే గాని తీర్చుట కాదు.

రెండవది జపాను విక్టర్ సంస్థ కనిపెట్టిన సి.డి.-4 పద్ధతి. దీని యందము నన్ను ఎప్పుడును ఆకర్షించుచుండును. ఎడమ గోడనే తీసికొందము. ఎడమ ముందు ధ్వనిని, ఎడమ వెనుక ధ్వనిని కూడగా వచ్చిన మొత్తమును మామూలుగా గోడపై చెక్కుదురు. ఒకదానినుండి మరొకటి తీసివేయగా వచ్చిన భేదమును మాత్రము, సెకనుకు 30,000 కంపనములు గల వాహక తరంగముపై ఎక్కించి అదే గోడపై చెక్కుదురు. మానవుని చెవికి సుమారు 20,000 కంపనములకు పైబడిన ధ్వని వినబడదు; కనుక ఆ వాహకము పాటకు అడ్డురాదు. యంత్రము మొత్తమును, భేదమును చదివి లెక్క కట్టును. మొత్తము 10, భేదము 4 అనుకొనుడు. రెంటిని కూడిన 14, అందులో సగము 7. మొత్తమునుండి భేదము తీసివేసిన 6, అందులో సగము 3. పోయినవను కొన్న రెండు సంఖ్యలు 7, 3 మరల చేతికి వచ్చినవి! కుడి గోడ సంగతియు ఇంతే. సాధారణ స్టీరియో యంత్రము గలవాడు మొత్తమునే వినును గాన, వానికిని పాట లోపము లేకుండ వినబడును.

లెక్క సరిపోయినది గాని లోకము సరిపోలేదు. అంత సూక్ష్మమైన చెక్కడమును చదువుటకు సాధారణపు ముల్లు చాలదు. మొద్దుబారిన ముల్లుతో కొన్నిమారులు త్రిప్పినచో ఆ వాహక తరంగము అరిగిపోయి, వెనుక ధ్వని బదులు బరబరమను శబ్దము వచ్చెడిది. దీనికై జపాను విక్టర్ సంస్థకు చెందిన నోరియో షిబాటా క్రొత్త ఆకారముగల ముల్లును కల్పించెను. చతుర్దిక్ రికార్డులు పోయినను షిబాటా ముల్లు పోలేదు. నేటికిని మంచి స్టీరియో యంత్రములలో దానిని వాడుచున్నారు. ఉద్దేశించిన పని నెరవేరక, తలంపని పని నెరవేరుట శాస్త్రచరిత్రలో క్రొత్త కాదు.

వర్తకము మాత్రము కూలినది. ఒక సంస్థ రికార్డు మరియొక సంస్థ యంత్రముపై సరిగా పలుకదు. నాలుగు స్పీకర్లు, రెండింతలు ఆంప్లిఫయర్లు, వేరే ముల్లు, వేరే విడదీయు యంత్రము – ఇన్ని కొన్న తరువాత, ఇల్లాలు ముందుగదిలో నాలుగు పెట్టెలకు చోటీయవలెను! 1970 దశాబ్దము ముగియునప్పటికి పెద్ద సంస్థలన్నియు చేతులు ముడుచుకొన్నవి. మాత్రిక విద్య మాత్రము సినిమాశాలలో ప్రవేశించినది. డాల్బీ స్టీరియో పేర, ఫిల్ము అంచునగల రెండు ధ్వనిరేఖలలో నాలుగు ధ్వనుల నిమిడ్చి, 1977లో స్టార్ వార్స్ చిత్రముతో లోకప్రసిద్ధి గాంచినది. మన దేశమున 70 మిల్లీమీటర్ల చిత్రములు వేరొక మార్గమున, అనగా ఫిల్ముపై అయస్కాంతపు ధ్వనిరేఖలతో, ఆరు మార్గముల ధ్వనిని తెచ్చినవి. 1975లో షోలే, తెలుగున 1986లో కృష్ణ తీసిన సింహాసనం చూచినవారికి ఆ యనుభవము జ్ఞప్తియందుండును.

యంత్రములు మూలబడినవి గాని, వానికొరకు చేసిన పని యెచ్చటికి పోయినది? ఇదియే ముఖ్యమైన ప్రశ్న. ఆ కొద్ది యేండ్లలో అమెరికా, ఇంగ్లండు, జపాను, జర్మనీ, హాలెండు దేశములలో ఎన్నో గ్రంథములు నాలుగు మార్గములుగా కూర్పబడినవి. ఒక్క యుదాహరణము చెప్పెదను. పింక్ ఫ్లాయిడ్ అను ఆంగ్ల గాయకబృందము 1967 మే నెలలో లండనులోని క్వీన్ ఎలిజబెత్ హాలులో ధ్వనిని శాల చుట్టును త్రిప్పు యంత్రముతో కచేరి చేసినది. వారి ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 1973లో వెలువడినది. అందలి గడియారముల గంటలను ఇంజనీరు ఆలన్ పార్సన్స్ పాత గడియారముల అంగడిలో పట్టి తెచ్చినది మొదట చతుర్దిక్ ధ్వనిని పరీక్షించుట కొరకే. ఆ గ్రంథమునకు ఆయన చేసిన నాలుగు మార్గముల కూర్పు అప్పట్లో ఎస్.క్యు. రికార్డుగా వచ్చినది; అనగా పైన చెప్పిన లోపముతో వచ్చినది. 2003లో అదే గ్రంథమును చుట్టుధ్వనిలో వెలువరించిరి గాని, అది జేమ్స్ గుత్రీ చేసిన క్రొత్త కూర్పు. పార్సన్స్ కూర్పు స్వచ్ఛముగా, అధికారికముగా డిస్కుపై వచ్చినది 2011లో. ముప్పదియెనిమిది యేండ్లు!

క్రొత్త కూర్పు ఉండగా పాతది యేల యని కొందరు అడుగుదురు. ఏ వాద్యమును ఏ మూల నిలుపవలెను, ఏది వెనుకనుండి పలుకవలెను అనునది కూర్చువాని మనోధర్మము. ఒకే కృతిని ఇద్దరు విద్వాంసులు పాడినచో రెండును ఒకటి యగునా? పైగా కొన్ని చతుర్దిక్ కూర్పులలో స్టీరియోలో వినబడని వాద్యములు, వేరు స్వరభాగములు కలవు. అవి మరియెచ్చటను లేవు. అభిమానులు పాత పెట్టెటేపులను, రికార్డులను వెదకి కొని వినుచునేయున్నారు. కాని పెట్టెటేపులలోని అతుకులు ఊడిపోవుచున్నవి, రికార్డుల వాహక తరంగములు అరిగిపోయినవి. పూర్తి ధ్వని యున్నది సంస్థల భాండాగారములలోని మూల టేపులందే. వారు పునర్ముద్రణము కోరుట అందుకే.

మూల టేపులును చిరంజీవులు కావు. 1970 దశాబ్దపు టేపులలో కొన్నింటియందు అయస్కాంతపు పొడిని అంటించిన జిగురు గాలిలోని తేమను పీల్చి బంకవలె సాగును. యంత్రముపై త్రిప్పగానే పొడి ఊడి తలకు అంటుకొనును. అట్టి టేపును సుమారు 50 డిగ్రీల మెల్లని వేడియందు గంటల తరబడి ఆరబెట్టినచో కొన్నాళ్ళు పనిచేయును. ఆ కొన్నాళ్ళలోనే నకలు తీసికొనవలెను. ఇక అగ్ని. 2008 జూన్ 1వ తేదీన హాలీవుడ్డులో యూనివర్సల్ స్టూడియో ఆవరణమున జరిగిన అగ్నిప్రమాదమున ఎందరో కళాకారుల మూల టేపులు కాలిపోయినవి. ఆ నష్టము లోకమునకు విపులముగా తెలిసినది 2019లో, పత్రికల వలన. నిల్వయున్న టేపుపై చిరునామా తప్పుగా వ్రాయబడియుండుట, సంస్థలు అమ్ముడుపోయి హక్కులు చేతులు మారుట, తన కూర్పు గాదని కళాకారుడు సమ్మతింపకుండుట – ఇవి చిన్న అడ్డంకులుగా తోచును గాని, అగ్నికంటె నెక్కువ పునర్ముద్రణముల నాపినవి యివియే యని నేను తలంచుచున్నాను.

అయినను కాలము కొంత కలిసివచ్చినది. 1999లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు తెచ్చిన సూపర్ ఆడియో సి.డి.యు, డి.వి.డి., బ్లూరే డిస్కులును పలు మార్గములను విడివిడిగనే మోయగలవు. మాత్రిక వలదు, వాహకము వలదు, షిబాటా ముల్లు వలదు. 1972లో గాడితో పడిన కష్టమంతయు తీరినది. హాలెండులో 2001లో ఏర్పడిన పెంటాటోన్ సంస్థ కథ ఇందుకు మంచి నిదర్శనము. ఫిలిప్స్ సంస్థ 1970 దశాబ్దమున ఎన్నో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలను నాలుగు మార్గములుగా టేపుపై పట్టినది. గాడిపై నమ్మకము చాలక స్టీరియోగా మాత్రమే అమ్మినది. ఆ టేపులు పాతికేండ్లకు పైగా చీకటిలో పడియుండెను. ఫిలిప్స్‌లో పూర్వము పనిచేసినవారే పెంటాటోన్‌ను స్థాపించి, ఆ టేపులను మొదటిసారిగా నాలుగు మార్గములుగా లోకమునకు వినిపించిరి. దానిని పునర్ముద్రణ మనుటకంటె తొలి ముద్రణ మనుటయే న్యాయము. 2016లో షికాగో అను అమెరికా బృందపు తొమ్మిది గ్రంథములు క్వాడియో అను పేర బ్లూరేలుగా వచ్చినవి. ఆంగ్లదేశపు డట్టన్ వొకాలియన్ అను చిన్న సంస్థ పెద్ద సంస్థలనుండి అనుమతి పొంది, తరచుగా ఒకే డిస్కుపై రెండేసి పాత గ్రంథములను అచ్చొత్తుచున్నది.

ఇవి కొద్ది ప్రతులే అచ్చగును. వెల యెక్కువ. మొదటి విడత చెల్లిపోయిన పిమ్మట కొన్ని మరల రావు. కావున ఎదురుచూచువారికి రెండు చింతలు: తమ గ్రంథము వచ్చునా, వచ్చిన దినమున చేతిలో సొమ్ముండునా. మరియొకటి కూడ కలదు. నాడు ఇరువది యేండ్ల వయసున వినినవారికి నేడు డెబ్బది దాటినది. వయసుతో మొదట సన్నగిల్లునవి హెచ్చు కంపనములుగల ధ్వనులు. టేపు తేమ పీల్చుచుండగా ఇచ్చట చెవియు తగ్గుచున్నది. పునర్ముద్రణము ఈ రెంటికంటె ముందుగా రావలెను.

మన యిండ్లలో చతుర్దిక్ రికార్డులుండుట అరుదు గాని, పాత స్టీరియో రికార్డులు, తాతలనాటి గ్రామఫోను పలకలు, కంఠములు పట్టిన టేపులు కొందరికడ నుండవచ్చును. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచవలెను. పడుకోబెట్టినచో బరువునకు వంగును. ఎండ తగులరాదు. టేపులను స్పీకర్ల ప్రక్కను, మోటార్ల ప్రక్కను ఉంచరాదు. అయస్కాంతము వానిని చెరుపును. బంకపట్టిన టేపును చూచితిమని తొందరపడి త్రిప్పక, ముందుగా తెలిసినవారికి చూపవలెను. పెట్టెపై పాడినవారి పేరు, సంవత్సరము, స్థలము సిరాతో వ్రాసియుంచవలెను.