కూలి లెక్క

వేద భాగము: ద్వితీయోపదేశకాండము 24:14–15, యాకోబు 5:4



పొట్టకూటికై ఊరు విడిచినవారి కష్టము మన సంఘములకు కొత్త సంగతి కాదు. మనకంటె ముందు సముద్రము దాటిన తెలుగువారిని ఈ పాఠములో జ్ఞాపకము చేసుకొందము.

1835లో మారిషస్ ద్వీపములో బానిసత్వము రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావలసి, 1834 మొదలే మన దేశము నుండి కూలీలను ఒప్పందముపై రప్పించారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవారికి అక్కడ ‘కోరంగీలు’ అని పేరు వచ్చింది. పరిపాలన ఆంగ్లేయులది, తోటలు ఎక్కువగా ఫ్రెంచివారివి, చెరకు నరికే చేతులు మనవి.

తొలినాళ్లలో మగవానికి నెలకు 5 రూపాయలు, కొంత బియ్యము, పప్పు, ఉప్పు ఇచ్చేవారు. గాని ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీనిని ‘డబుల్ కట్’ అన్నారు. 26 పని దినములలో 10 రోజులు రానివాడు, 16 రోజులు పనిచేసియు 6 రోజుల కూలే అందుకొనేవాడు. కొరడా చేసిన పనిని పద్దు పుస్తకము చేసింది, అదియు చట్టప్రకారమే!

1867 చట్టము వచ్చాక, ఒప్పందము తీరినవారు సహితము ఫొటో ఉన్న చీటి వెంట ఉంచుకోవాలి. లేనివానిని దేశదిమ్మరి అని పట్టుకొనేవారు. 1871లో 9,401 మంది కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకొన్నారు. వారికి తోడు నిలిచిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ తానూ ఒక చెరకు తోట నడిపినవాడే. తోటి దొరలు ఆయనను ద్వేషించారు. అయినను 1872లో రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది.

ఇక మన చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సంగతి చూతము. ఇక్కడ ‘జీతము’ అను మాటకు రెండు అర్థములున్నవి. తెలుగులో అది నెల వేతనము. కన్నడలో ‘జీత’ అంటే అప్పు క్రింద చేసే వెట్టిచాకిరి. 1976 చట్టము వెట్టిని రద్దు చేసింది. గాని మనసులోని లెక్కను చట్టము మార్చలేదు. మనలో కొందరము నేటికీ కూలివారము; కొందరము ద్రాక్ష తోటలలో, టమాటా మండీలలో కూలి ఇచ్చేవారమయ్యాము.

కూలివాడు స్వజనుడైనా పరదేశియైనా ప్రొద్దు క్రుంకకముందే కూలి చెల్లించమని మోషే నేర్పాడు. మనము ఎగ్గొట్టిన కూలియే దేవుని యెదుట మన మీద మొరపెట్టునని యాకోబు హెచ్చరించాడు.

కూటములో చర్చించుటకు:

1. పనిమనిషి ఒకరోజు రాకపోతే మనము ఎన్ని రోజుల కూలి ఆపుచున్నాము?
2. అడ్వాన్సు తీరలేదని ఎవరినైనా వేరే పనికి పోనీయక పట్టి ఉంచామా?
3. మన భాష రాని వలస కూలివానికి అతని లెక్క అర్థమగునట్లు చెప్పామా?

ఈనాటి కూలి ఈ సాయంత్రమే చెల్లించు మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.