పర్మిట్ పార్కింగ్ టికెట్: పాత చిరునామాకు వెళ్లే నోటీసు

ఇంగ్లండ్ నగరాల్లో ఇళ్ల మధ్య ఉన్న చాలా వీధుల్లో పర్మిట్ ఉన్నవారే కారు ఆపాలి. పర్మిట్ ఇచ్చేది స్థానిక కౌన్సిల్. అది లేకుండా ఆపిన కారు వైపర్ కింద పెనాల్టీ ఛార్జ్ నోటీస్ కనిపిస్తుంది. వాడుకలో దీన్నే పీసీఎన్ అంటారు. ఇది నేరం కింద వేసే జరిమానా కాదు. 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం, 2022 మే 31న అమల్లోకి వచ్చిన నిబంధనల కింద వసూలు చేసే సివిల్ జరిమానా. లైసెన్సు మీద పాయింట్లు పడవు. అయితే ఆ రోజు కారు నడిపింది ఎవరైనా, డబ్బు కట్టకపోతే తర్వాత పోస్టులో నోటీసు వెళ్లేది వాహనాలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ రికార్డులో కీపర్‌గా పేరున్న మనిషికి, అదీ ఆ రికార్డులో ఉన్న చిరునామాకు. పార్కింగ్ టికెట్ కేసుల్లో మనుషులు నష్టపోయేది ఎక్కువగా ఈ చిరునామా దగ్గరే.

ముందుగా ఆ కాగితం ఇచ్చింది ఎవరో చూడాలి. ఫ్లాట్ల ఆవరణల్లో, షాపుల పార్కింగ్ స్థలాల్లో ప్రైవేటు కంపెనీలు అంటించే పార్కింగ్ ఛార్జ్ నోటీసునూ పీసీఎన్ అనే అంటారు. అది ఒప్పందం పేరుతో అడిగే సొమ్ము. దానికి వర్తించే చట్టం, అప్పీలు దారి పూర్తిగా వేరు. పై వరుసలో కౌన్సిల్ పేరు, పెనాల్టీ అనే మాట ఉంటేనే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి వర్తిస్తుంది.

టికెట్ మీద ఒక కోడ్ నంబరు ఉంటుంది. పర్మిట్ స్థలాలకు సాధారణంగా వేసేవి 12, 16. పర్మిట్ గడువు తీరినా, అది ఆ స్థలానికి చెల్లకపోయినా 19 వేస్తారు. కౌన్సిల్ రుజువు చేయాల్సింది టికెట్ మీద రాసిన తప్పునే. కాబట్టి వీధిలోని బోర్డునూ, గీతలనూ, కారు నిలిచిన చోటునూ అదే రోజు ఫోటోలు తీసుకోవాలి. బోర్డు మీద చెట్టు కొమ్మ కమ్ముకుని ఉందా, గీతలు చెరిగిపోయాయా, నియంత్రణ ఏ వేళల్లో ఉందని రాశారు అన్నవి చూడాలి. కొన్నిచోట్ల విడివిడి గడులు ఉండవు. ఇక్కడి నుంచి లోపలంతా పర్మిట్ ఉన్నవారికే అని వీధి మొదట్లో ఒక్క బోర్డు పెడతారు. గడులు కనిపించలేదు కాబట్టి ఖాళీ స్థలమే అనుకున్నామన్న వాదన అక్కడ నిలవదు. వెంబ్లీ స్టేడియం చుట్టుపక్కల మ్యాచ్‌ల వంటి పెద్ద కార్యక్రమాలు ఉన్న రోజుల్లో మాత్రమే అమలయ్యే ఆంక్షలున్నాయి. బంధువుల ఇంటికి వెళ్లినవారు తరచుగా వీటిలో చిక్కుకుంటారు.

ఇప్పుడు చాలా కౌన్సిళ్లు కాగితం పర్మిట్ ఇవ్వడం లేదు. కారు నంబరును కంప్యూటరులో నమోదు చేసుకుంటాయి. ఓ అక్షరానికి బదులు సున్నా కొట్టడం, కారు మార్చి పర్మిట్‌ను కొత్త నంబరుకు మార్పించకపోవడం తరచుగా జరిగే పొరపాట్లు. అలాంటప్పుడు డబ్బు కట్టిన రసీదు, పర్మిట్ వివరాలు జతచేసి అడిగితే కౌన్సిల్ విచక్షణతో టికెట్ రద్దు చేయవచ్చు. అయిదు నిమిషాలే ఆపామన్న జవాబుతో మాత్రం పని కాదు. చట్టం ఇచ్చే 10 నిమిషాల వెసులుబాటు సక్రమంగా ఆపిన కారుకు, అనుమతించిన సమయం ముగిశాక వర్తించేది. మొదటి నిమిషం నుంచే పర్మిట్ లేని కారుకు అది వర్తించదు.

లండన్ బయట ఈ తప్పుకు ఎక్కువ చోట్ల జరిమానా 70 పౌండ్లు. లండన్‌లో ఇంకా ఎక్కువ. 14 రోజుల్లో కడితే సగం. కట్టారంటే కేసు ముగిసినట్టే. ముందు కట్టేసి తర్వాత పోరాడదామనుకుంటే కుదరదు. అభ్యంతరం ఉంటే ఆ 14 రోజుల్లోనే కౌన్సిల్‌కు రాయడం మేలు. అది తిరస్కరించినా, సగం కట్టే అవకాశాన్ని చాలా కౌన్సిళ్లు మళ్లీ ఇస్తాయి. ఈ దశలో ట్రైబ్యునల్‌కు వెళ్లే దారి లేదు. ఆ హక్కు మొదలయ్యేది నోటీస్ టు ఓనర్ అనే రెండో కాగితంతో. టికెట్ వేసిన 28 రోజుల్లో డబ్బు అందకపోతే కౌన్సిల్ దాన్ని పోస్టులో పంపుతుంది. ఎక్కడికి? డీవీఎల్‌ఏ రికార్డులో ఉన్న చిరునామాకు.

ఈమధ్య ఒక న్యాయవాది బల్ల మీదికి వచ్చిన ఫైలు అచ్చంగా ఇదే కథ. ఆంధ్రప్రదేశ్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన యువకుడు పాత కారు కొన్నాడు. ఏడాదిన్నరలో మూడు అద్దె ఇళ్లు మారాడు. బ్యాంకులో చిరునామా మార్చాడు, డ్రైవింగ్ లైసెన్సులోనూ మార్చాడు. కారు రిజిస్ట్రేషన్ పత్రమైన వీ5సీలో మార్చలేదు. లైసెన్సులో మారిస్తే కారు పత్రంలోనూ మారిపోతుందనుకున్నాడు. అవి రెండూ వేర్వేరు రికార్డులు. ఒకదాన్ని మారిస్తే రెండోది దానంతట అది మారదు. టికెట్ పడగానే కొత్త చిరునామా రాసి మరీ అభ్యంతరం పంపాడు. కౌన్సిల్ దాన్ని తిరస్కరిస్తూ ఆ కొత్త చిరునామాకే జవాబిచ్చింది. తర్వాతి కాగితమూ అక్కడికే వస్తుందని ఎదురుచూశాడు. నోటీస్ టు ఓనర్ మాత్రం మొదటి అద్దె ఇంటి గుమ్మంలో పడింది. కొత్త చిరునామా తమ ఫైల్లోనే ఉండగా పాత ఇంటికి నోటీసు పంపిన కౌన్సిల్ తీరు క్షమించదగ్గది కాదు. అయినా ఆ తప్పును పట్టుకుని గెలవడం సులువు కాదు, ఎందుకంటే వీ5సీ మార్చాల్సిన బాధ్యత కీపర్‌దే. మార్చకపోతే 1,000 పౌండ్ల వరకు వేరే జరిమానా కూడా ఉంది. ఆన్‌లైన్లో మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. అయినా న్యాయవాది దగ్గరికి వచ్చిన కక్షిదారుల్లో ఎక్కువమంది ఆ పని చేసి ఉండరు. ఇల్లు మారిన వారంలోనే వీ5సీ మార్చాలని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

నోటీస్ టు ఓనర్ సకాలంలో చేతికి అందితే దారి సాఫీగానే ఉంటుంది. 28 రోజుల్లో ఫోటోలతో సహా అధికారిక అభ్యంతరం పంపాలి. తప్పు జరగలేదు, ఆ రోజు కారు నాది కాదు, కారు దొంగలు పట్టుకుపోయారు, కౌన్సిల్ పద్ధతి పాటించలేదు వంటి కారణాలను చట్టమే పేర్కొంది. కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వకపోతే అభ్యంతరాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. తిరస్కరిస్తే 28 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. లండన్‌లో లండన్ ట్రైబ్యునల్స్, ఇంగ్లండ్‌లో మిగతాచోట్ల ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్ ఆ అప్పీలు వింటాయి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

నోటీసు అందక ఊరుకుంటే ఛార్జ్ సర్టిఫికెట్‌తో 70 పౌండ్ల జరిమానా సగం పెరిగి 105 పౌండ్లవుతుంది. ఆ తర్వాత నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో దాన్ని అప్పుగా నమోదు చేసి, కోర్టు రుసుము కలిపి రికవరీ ఆర్డర్ పంపుతారు. చివరికి బాకీ వసూలు చేసే బెయిలిఫ్‌లు వస్తారు. 2014 నిబంధనలు వాళ్లకు తొలి దశకు 75, ఇంటికి వచ్చే దశకు 235 పౌండ్ల రుసుము నిర్ణయించాయి. ఆ యువకుడి కేసులో మొదట్లో 35 పౌండ్లతో పోవాల్సింది 415 దాటింది. అతనికి విషయం తెలిసింది, ఒక ఉదయం కారు చక్రానికి తాళం కనిపించినప్పుడే.

ఇంతదాకా వచ్చినా దారి పూర్తిగా మూసుకుపోదు. రికవరీ ఆర్డర్ వచ్చిన 21 రోజుల్లో టీఈ9 అనే ఫారంలో నోటీస్ టు ఓనర్ తనకు అందలేదని వాంగ్మూలం ఇవ్వవచ్చు. గడువు దాటితే, ఆలస్యానికి కారణం చెబుతూ టీఈ7 కూడా జతచేయాలి. అందులో అబద్ధం రాస్తే కోర్టు ధిక్కారం కింద చర్య ఉంటుంది. ఆలస్యంగా పెట్టిన దరఖాస్తును కౌన్సిల్ వ్యతిరేకించవచ్చు, చిరునామా మార్చకపోవడం నీ తప్పేనని అక్కడా వాదిస్తుంది. అందుకే కొత్త ఇంటి అద్దె ఒప్పందం, కౌన్సిల్ కొత్త చిరునామాకు పంపిన తిరస్కరణ లేఖ రెండూ జతచేయడం అవసరం. ఈ కేసులో ఆ లేఖే అక్కరకొచ్చింది. రికవరీ ఆర్డర్, ఛార్జ్ సర్టిఫికెట్ రద్దయ్యాయి. టికెట్ మాత్రం రద్దు కాలేదు. కౌన్సిల్ మళ్లీ నోటీస్ టు ఓనర్ పంపవచ్చు, ఈ కేసులో పంపింది కూడా. అప్పటికి వీ5సీలో కొత్త చిరునామా ఎక్కింది కాబట్టి నోటీసు అతని చేతికే వచ్చింది. 28 రోజుల లెక్క అక్కడి నుంచి మొదలైంది.