పిల్లను ఈతకు పంపుము

అమ్మాయికి మీ పెదనాన్న దీవించి వ్రాయునది.

నీ ఉత్తరమును, దానితోపాటు ఫోనులో పంపిన బడివారి కాగితమును చేరినవి. అందులోని అక్షరములు నా కన్నులకానకపోవుటచే ప్రక్కింటి కుర్రవానిచేత పెద్దవిగా అచ్చువేయించి, తీరికగా చదువుకొంటిని. పెద్దదానికి ఎక్కముల పరీక్ష దగ్గరపడుచున్నదనియు, ఆదివారములందు నేను ఫోనులో కూర్చుండి వల్లె వేయింపవలెననియు వ్రాసితివి. అట్లే కానిమ్ము, బడిపంతులుగా బ్రదికినవానికి అంతకు మించిన పండుగ ఏమున్నది? కాని నీ ఉత్తరమున లేని సంగతి యొకటి మీ పిన్నివలన నా చెవిని పడినది. బుధవారము వచ్చుసరికి పెద్దదానికి జలుబనియో చెవిపోటనియో చీటీ వ్రాసి, బడివారి వెంట ఈతకు పోనీయక ఆపుచున్నావట. మీ పిన్ని చెప్పుదానిలో సగము తీసివేసి వినుట నాకు మొదటినుండియు అలవాటు. అయినను ఆ మిగిలిన సగమే నాకు నిద్ర పట్టనీయలేదు.

ఎందుకాపుచున్నావని నేనడుగను. మన ఊరి రేవున నీట జరిగిన ఆ ఘోరము మన యింట ఒకరికొకరు చెప్పుకొనవలసినది కాదు. ఆనాడు నీవు ఎంత పసిదానవో, ఎవరి కొంగు పట్టుకొని నిలుచుంటివో నాకు బాగుగా జ్ఞాపకము. అందుచేతనే మందలింతునని మొదలుపెట్టిన ఈ జాబులో నడుమ నడుమ నా చేయి ఆగిపోవుచున్నది. కోపగించుకొనకుము తల్లీ.

“ఇక చదువేమున్నది పెదనాన్నా, వేసవి టర్మంతా ఆటలే” అని వ్రాసితివి. ఆ కాగితమును నాకు పంపితివే గాని నీవు చదివినట్లు లేదు. మనకు ఏప్రిల్ నెలాఖరున బడులు మూసి మరల జూన్ 12 ప్రాంతమున తెరతురు. సరిగా ఆ దినములలోనే మీ ఇంగ్లండున, ఈస్టరు సెలవులు గడచినది మొదలు జూలై మూడవవారము దాటువరకు, మే చివర ఒక్క వారము మాత్రము విడిచి, సంవత్సరమంతయు గదిలో చెప్పినదానిని పరీక్షింతురు, ఆరుబయటను పిల్లల కన్నులకును చేతులకును చూపుదురు. చిన్నవాని సంగతి చూడుము. వాడున్నది ఒకటవ తరగతియే గదా. జూన్‌లో వానిచేత నలుబది మాటలు చదివింతురు. అందులో ఇరువదింటికి అర్థమే లేదు. ఆ అర్థములేని మాట ప్రక్కన ఏదో వింతజీవి బొమ్మ యుండును. ఇది వెఱ్ఱియని నీవు నవ్వియుందువు, నాకు మాత్రము ముచ్చట వేసినది. ఏలనన, పిల్లవాడు మాటను ముందే ఎరిగి ఊహించి చదువుచున్నాడా, లేక అక్షరముల ధ్వని కూర్చుకొని చదువుచున్నాడా యను సందేహము దీనితో తీరిపోవును. మేము గుణింతములను తలక్రిందులుగా అడిగి పిల్లల గుట్టు పట్టుట ఇందుకే.

వానికి పగటి నిడివి మార్పును ఋతువులతోపాటు గమనించుటయు పాఠమే. మొన్న ఫోనులో “తాతగారూ, సూర్యుడింకా ఉండగానే అమ్మ నన్ను పడుకోమంటున్నది” అని నీమీద చాడీ చెప్పినాడు. అది చాడీ కాదమ్మా, శాస్త్రము. మన గోదావరి తీరమున మిక్కిలి పెద్ద పగలు పదమూడు గంటలు మాత్రమే. అచ్చట జూన్ నడిమికి పదునారున్నర గంటలు దాటును, ప్రొద్దు క్రుంకుసరికి రాత్రి తొమ్మిది గడచును. ప్రతి శనివారము అచ్చటి సూర్యాస్తమయము వానిని వ్రాయుమనుము, ఇచ్చటిది నేను వ్రాసి పంపుదును.

పెద్దదాని ఎక్కముల విషయమున నీవు పడు కంగారు నాకర్థము కాలేదు. నాలుగవ తరగతివారికి జూన్‌లో కంప్యూటరుమీద ఇరువదియైదు లెక్కలిచ్చి, ఒక్కొక్కదానికి ఆరు సెకనులు గడువిత్తురు. పండ్రెండవ ఎక్కము దాటి పోరు. ఉత్తీర్ణత యనియు, తప్పుట యనియు లేదు. ఇరువదవ ఎక్కము వరకును, ఆపైన కాలు, అర, ముప్పాతిక ఎక్కములును అరుగుమీద అరచి అరచి నేర్చిన ఇంటి పిల్లకు ఇది ఒక లెక్కయా? లెక్కయనగా జ్ఞాపకము వచ్చినది. టిక్కెట్లు చౌకయని జూన్‌లోనే బడి మాన్పించి పిల్లలను తీసికొని వత్తునంటివి. అనుమతి లేక బడి మాన్పించినచో తల్లిదండ్రులలో ఒక్కొక్కరికి, పిల్ల యొక్కింటికి ఎనుబది పౌనులు జరిమానా యని అల్లుడుగారే చెప్పినారు. ఇరువదియొక్క దినములలో కట్టకున్న అది నూటయరువది యగునట. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు: మూడువందల ఇరువది పౌనులు. ఈ ఎక్కము ముందు నీవు వల్లె వేయుము. జూలై చివరనే రండు.

ఇక మిగిలినది. ఆ కాగితము రెండవ పుటలో పెద్దది నేర్వవలసినవి వరుసగా నున్నవి: ఘటము, తీగ, చిన్నదీపము, స్విచ్చి కూర్చి విద్యుత్తును నడపుట, మంచు కరగుట, నీరు ఆవిరియగుట, రోమనులు బ్రిటనును ఏలిన కథ, నది కొండను పుట్టి, మలుపులు తిరిగి, సముద్రమున కలియు క్రమము. అన్నియు చక్కగా నున్నవి. చిట్టచివర వ్యాయామము క్రింద ఈత యను ఒక్క మాట యున్నది. నీవు దానిని ఆటలలో చేర్చితివి. ఆ దేశపు జాతీయ పాఠ్యప్రణాళిక దానిని ఆటగా చూడలేదు తల్లీ. ప్రాథమిక విద్య ముగియులోగా ప్రతి బిడ్డయు ఇరువదియైదు మీటరులు నిబ్బరముగా ఈదవలెననియు, పలు విధముల ఈత నేర్వవలెననియు, నీట ఆపద కలిగినప్పుడు తన్ను తాను కాచుకొనవలెననియు స్పష్టముగా విధించినది. కూడికలకును కథలకును సరసన ఒక ప్రభుత్వము ఈ మాటను వ్రాసిపెట్టినదని చదివినప్పుడు, మన గోదావరి జిల్లాలలో ఇంటింటి ముందు కాలువ పారుచుండగా మన పాఠ్యక్రమములో ఇది ఏల లేకపోయెనని నాకు దుఃఖము కలిగినది. బ్రదికియున్నంతకాలము నేను ఈ మాట అధికారులకు వ్రాయుచునే యుందును. మీ పెద్దమ్మ దీనిని నా పిచ్చి యనును. అననిమ్ము.

నాకు ఈత నేర్పినవారు మా తాతగారు. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టివేయుదురు గదా. బడి లేనప్పుడు నీరు లేదు, నీరు వచ్చునప్పటికి బడి తెరతురు. జూన్‌లో లాకులెత్తి నీరు వదలిరను వార్త రాగానే, నురుగును, చెత్తయు, ఎండుటాకులును ముందు తోసికొని వచ్చు ఆ ఎఱ్ఱని నీటి మొదలుతో సమానముగా గట్టువెంబడి పరుగెత్తువారము. అది తేరుకొన్న తరువాత ఒక ఉదయము తాతగారు పీచు ఒలువని ఎండు కొబ్బరికాయలు రెండింటిని జంటగా కట్టి, ఆ త్రాడు నా రొమ్ము క్రిందుగా వచ్చునట్లు బిగించి, పాచిపట్టిన మెట్లమీదినుండి నన్ను నీటిలోనికి త్రోసినారు. ముక్కులో నీరు నిండి మెదడువరకు మండినది. త్రాడు చంకలను కోసినది. కాయలు వీపు వెనుక గుబగుబమని మునిగి తేలుచుండగా, నేను ఏడ్చుచు చేతులాడించుచుంటిని. తాతగారు మెట్టుమీద కూర్చుండి వేపపుల్ల నములుచు, “కాళ్లు, కాళ్లు” అనుటయే గాని లేచిరాలేదు. కొన్నాళ్లకు ఒక కాయ తీసివేసిరి, మరికొన్నాళ్లకు రెండవదియు పోయినది. గేదె తోక పట్టుకొని ఆవలిగట్టుకు పోవు విద్య మాత్రము నేను స్వయముగా అభ్యసించినదే. అది నీ కూతురికి చెప్పవద్దు.

ఆ కాలువలకు నీళ్లిచ్చిన కాటను దొర మీ దేశమువాడే. 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ముగించి, ఈ డెల్టాకు అన్నము పెట్టి, 1899లో సర్రే మండలమున డార్కింగులో కన్నుమూసినాడు. ఎప్పుడైన అటు పోయినచో పిల్లలకు చెప్పుము. నదిపాఠము వారి పుస్తకములో ఏ నదితో మొదలైనను, మన యింటిలో అది ధవళేశ్వరమువద్దనే మొదలుకావలెను.

దారి తప్పితిని. నేను చెప్పవచ్చినది ఇది. బిడ్డను నీటికి దూరముగా నుంచితినని నీవనుకొనుచున్నావు. కాని మీ యింటినుండి నడచిపోవు దూరముననే లీడ్సు లివర్పూలు కాలువ యున్నది, నూటయిరువదియేడు మైళ్ల పొడవుది. దాని గట్టున పిల్లలిద్దరు బాతులకు గింజలు వేయుచున్న ఫోటో నిరుడు నీవే నాకు పంపితివి. ఆ దేశపు నీరు జూన్‌లోను చల్లనిదే. హఠాత్తుగా పడినవారికి చలికి ఊపిరి ఎగిసిపోయి, కొట్టుకొనుటలోనే ప్రాణము పోవుననియు, అందుచేత మొదట వెల్లకిల తేలి ఊపిరి కుదుటపడువరకు నిలువవలెననియు, 1824 నుండి ఆ తీరములందు ప్రాణములు కాపాడుచున్న లైఫ్‌బోటు సంస్థవారు పదేపదే చాటుచున్నారు. బుధవారము బుధవారము ఈతకొలనులో నీ కూతురికి చెప్పునదియు అదియే. నీవు వ్రాసిన చీటీ ఆపుచున్నది ఈ పాఠమును.

భయము పోగొట్టుకొమ్మని నీకు చెప్పజాలను, నాకును పోలేదు. ఆ రేవు దాటునప్పుడు ఈ వయసునను నేను తల త్రిప్పుకొని పోవుదును. నీవు కొలను దగ్గరకు పోయి చూడనక్కరలేదు. అల్లుడుగారిని పొమ్మనుము, లేదా ఉపాధ్యాయినితో ఉన్న మాట చెప్పుము, ఆవిడ తల్లుల భయములను చూచియే యుండును. చెవిపోటు నిజమైనచో వైద్యునికి చూపించి ఆయన చెప్పినట్లు చేయుము. మీ పెద్దమ్మ పిల్లకు పావడా కుట్టి, సున్నుండలతో కలిపి పొట్లము కట్టినది. వచ్చువారెవరైన దొరకినచో పంపుదును.

వచ్చు బుధవారము ఈత దుస్తులు, టోపీ, పొడి తువ్వాలు సంచిలో పెట్టి, తడిబట్టలకు వేరొక సంచి యిచ్చి, నా తల్లివి గదా, పిల్లను పంపుము. జూలైలో మీరు వచ్చునాటికి మన కాలువ నిండుగా పారుచుండును. అది కొలను కాదు, అడుగున ఉరవడి యుండును. బిడ్డ అక్కడ ఎన్ని మీటరులు ఈదినను సరే, నేను మెట్టుమీద లేనిదే దానిని ఇచ్చటి రేవులోనికి దింపరాదు.

ఇట్లు,
మీ పెదనాన్న