మీటరు ఆగినా కాలం ఆగదు

మా తాతయ్యగారి 1994 ప్రీమియర్ పద్మిని మీటరు మీద ఉన్న అంకె 31,460. కళ్ళ ఇబ్బంది వల్ల 2013లో ఆయన డ్రైవింగ్ మానేశారు. అప్పట్నుంచి తణుకు దగ్గర మా ఊళ్ళో, ధాన్యం బస్తాల షెడ్డులో ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్తే "ఒక్కసారి కాలవ గట్టు మీద తిప్పరా" అన్నారు. ముప్పై వేలే తిరిగింది, కొత్త బండే కదా అనుకున్నా. బ్యాటరీ మార్చి తాళం తిప్పబోతుంటే మెకానిక్ బాబాయ్ ఆపేశాడు.

"మీటరు కిలోమీటర్లే లెక్కపెడుతుంది బాబూ, ఏళ్ళు కాదు."

తర్వాత నాలుగు రోజులు నాకు క్లాసే.

ఇంజిన్: ఏళ్ళ తరబడి కదలకపోతే ఆయిలంతా కిందకి దిగిపోతుంది. సిలిండర్ గోడలు ఆరిపోయి తుప్పు పట్టొచ్చు. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ రింగులు గీసుకుపోతాయి. అందుకే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున స్పానర్‌తో చేత్తో తిప్పాం, తిరిగింది! ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఎలుక గూడు, నిండా ఊక. కొరికిన వైర్లు కూడా మార్చాం.

పెట్రోలు: నిలవ పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్‌లోని సన్నటి జెట్‌లని మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి కడిగాం. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. అందుకే దాన్ని తట్టుకునే పైపులు వేయించాం.

టైర్లు: గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. కానీ టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది, 1409 అంటే 2009లో 14వ వారం. మావి అవే! పక్కలన్నీ సన్నటి పగుళ్ళు. నాలుగూ మార్చాం.

బ్రేకులు: నన్ను నిజంగా భయపెట్టింది ఇవే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, లోపల తుప్పు పడుతుంది, రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. షెడ్డులో పెడల్ తొక్కితే గట్టిగానే ఉంది. "ఇంకా తొక్కు" అన్నాడు బాబాయ్. తొమ్మిదోసారికి కాలు నేలకి తగిలింది. వెనక చక్రం దగ్గర సీలు పోయి ఫ్లూయిడ్ కారిపోతోంది. ఆ మొదటిరోజే తాతయ్యని ఎక్కించుకుని కాలవ గట్టు మీదకి వెళ్ళుంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే ఇవి గుర్తుంచుకోండి. ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ కిలోమీటర్లు చూసి కాదు, తేదీ చూసి మార్చాలి. పదిహేను రోజులకోసారి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఓ అరగంట నడపాలి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఆన్ చేస్తే సైలెన్సర్‌లో నీరు చేరి తుప్పే మిగులుతుంది. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వెయ్యకండి, చక్రాలకి చెక్క అడ్డం పెట్టండి. ప్లాస్టిక్ పట్టా కాదు, బట్ట కవర్ కప్పండి.

సొంత కారు ఆర్‌సీకి పదిహేనేళ్ళే గడువు, తర్వాత ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. మాది 2014లోనే అయిపోయింది. ఆ పని పూర్తయ్యేదాకా రోడ్డెక్కకూడదు.

అందుకే కనుమ రోజు ఇంటి పెరట్లోనే మూడు రౌండ్లు తిప్పాను. తాతయ్య పక్క సీట్లో కూర్చుని, ఎవరూ అడ్డం లేకపోయినా, చెయ్యి చాపి హారన్ కొడుతూనే ఉన్నారు. మీటరు ఇంకా 31,460 దగ్గరే ఉంది.