ఆలోచన ఎక్కడ ఆగిందో చూసుకో

హనుమకొండ

చిరంజీవి అమ్మలుకి,

నీ ఉత్తరం నిదానంగా చదివాను. పీహెచ్‌డీ చివరికొచ్చింది. ఒక యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా రమ్మంటోంది. ఇంకోపక్క నీ కంపైలర్ పని చూసి డబ్బు పెడతామంటూ ఇన్వెస్టర్లు వచ్చారు. మీ నాన్న ఉద్యోగమే మేలంటున్నాడు, నీతో చదివినవాళ్లు కంపెనీ పెట్టమంటున్నారు. "నాకేది మంచిదో నువ్వే చెప్పు పెదనాన్నా" అని రాశావు. నీకేది మంచిదో ఇప్పుడు నీకే తెలియదు, నాకెలా తెలుస్తుంది? అయితే ఇంకో సంగతి నువ్వు కనుక్కోగలవు. ఇన్నేళ్లు కష్టపడి చేసిన ఈ ఆలోచన ఇప్పుడు ఎక్కడ ఆగిపోయి ఉంది? అది కదలాలంటే నువ్వు ఎక్కడ ఉండాలి? ముందు దానికి జవాబు వెతుకు. మిగతాది దాని వెనకే వస్తుంది.

ఇది నా సొంత తెలివి కాదు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠం చెప్పిన ఇన్నేళ్లూ జాన్ హెనెస్సీ జీవితాన్ని దగ్గరగా చూస్తూ వచ్చాను. ఆయన పుస్తకం నువ్వూ చదివావు. అందులోని ఫార్ములాలు నీకు కంఠతా వచ్చు, ఆ ఫార్ములాల కోసం ఆయన పడ్డ పాట్లు మాత్రం పుస్తకంలో ఉండవు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హెనెస్సీ 1977లో స్టోనీబ్రూక్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి, అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో చేరారు. నీలాగే కంపైలర్ల మనిషి. 1981లో కొద్దిమంది విద్యార్థులతో కలిసి ఒక ప్రాసెసర్ ఎలా ఉండాలో మొదటి నుంచి ఆలోచించడం మొదలుపెట్టారు. అప్పటి కంప్యూటర్లలో గొప్పదని పేరున్న వ్యాక్స్ యంత్రంలో ఇన్‌స్ట్రక్షన్లు ఎన్నో, ఒక్కొక్కటీ ఎంతో సంక్లిష్టం. ప్రోగ్రాం రాసేవాడికి పని తగ్గాలంటే యంత్రానికి పెద్ద పెద్ద ఆజ్ఞలు తెలిసి ఉండాలన్నది అప్పటి నమ్మకం. హెనెస్సీ బృందం దీన్ని తిరగేసింది. ఆజ్ఞలు చిన్నవిగా, ఒక్కొక్కటీ ఒక్క క్లాక్ సైకిల్లో అయిపోయేలా పెట్టి, వాటిని సరైన వరసలో పేర్చే బరువంతా కంపైలర్ మీద వేసింది. ఐబీఎంలో జాన్ కాక్ ఇలాంటి దాన్ని అంతకుముందే చేసి ఉన్నారు. బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్ 1980లోనే ఇదే దారిలో నడక మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్ యంత్రానికి మిప్స్ అని పేరు పెట్టారు.

చిప్ తయారైంది, పనిచేసింది, పేపర్లు వచ్చాయి. అక్కడే ఆగిపోయింది. మంచి ఫలితాలు అచ్చువేస్తే పరిశ్రమ వాటిని తనంతట తానే తీసుకుంటుందని ఆ కుర్ర ప్రొఫెసర్ అనుకున్నారు. ఎవరూ తీసుకోలేదు. పెద్ద కంపెనీలకు తమ పాత యంత్రాలున్నాయి, వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉంది, కొనే ఖాతాదారులు ఉన్నారు. బల్ల మీద పేపర్ పెట్టినంత మాత్రాన వాళ్లెందుకు కదులుతారు? అప్పుడు ఆయన దగ్గరికి వచ్చి, కంపెనీ పెట్టకపోతే ఈ పని ఇక్కడే మిగిలిపోతుందని నచ్చజెప్పినవారు గోర్డన్ బెల్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో వ్యాక్స్ యంత్రాల తయారీని దగ్గరుండి నడిపించిన మనిషి! ఏ యంత్రాన్ని ఈ ఆలోచన దాటిపోతుందో, ఆ యంత్రం వెనక నిలబడ్డవాడే వచ్చి ముందుకు వెళ్లమని చెప్పాడు. శాస్త్రజ్ఞుల్లో ఇంతటి పెద్దమనసు అరుదమ్మా. నీ పనిని కాదనగల స్థాయి ఉన్న ఒక మనిషి అభిప్రాయం నీకూ కావాలి. ఇప్పటిదాకా నిన్ను మెచ్చుకున్నవాళ్లంతా నీతో తిరిగేవాళ్లే.

1984లో హెనెస్సీ సబాటికల్ తీసుకుని, మరికొందరితో కలిసి మిప్స్ కంప్యూటర్ సిస్టమ్స్ పెట్టారు. ఇక్కడ ఒక చిన్న విషయం గట్టిగా గుర్తుపెట్టుకో: ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇవ్వలేదు, కంపెనీకి సీఈఓ కూడా కాలేదు. డబ్బు లెక్కలు, అమ్మకాలు తెలిసినవాళ్లకు ఆ పని వదిలేసి, తనకు తెలిసిన యంత్రం దగ్గర నిలబడ్డారు. సెలవు ఏడాది అయ్యాక తరగతికి తిరిగొచ్చారు, కంపెనీతో సంబంధం మాత్రం తెంచుకోలేదు. ఇప్పుడు నీ దగ్గరికొచ్చిన ఇన్వెస్టర్లు నువ్వే సీఈఓగా ఉండాలంటున్నారని రాశావు. అది వాళ్లకు ఎందుకు కావాలో అడిగి తెలుసుకో. నీ బలం కంపైలర్. ఆ కుర్చీలో కూర్చుంటే ఆరు నెలల్లో దాన్ని ముట్టుకోవడానికి నీకు తీరిక ఉండదు.

ఆ కంపెనీ ప్రయాణం సాఫీగా ఏమీ సాగలేదు. చేతిలో డబ్బు అయిపోవచ్చి, దాదాపు మూడోవంతు ఉద్యోగులను తీసేయాల్సి వచ్చింది. మిగిలినవాళ్ల ముందు నిలబడి మాట్లాడమని హెనెస్సీనే అడిగారు. క్లాసులో పాఠం చెప్పే మనిషికి అది ఎంత కష్టమో ఊహించు. తన మాట నమ్మి వచ్చిన స్నేహితులు వెళ్లిపోతుంటే, ఉన్నవాళ్లకు ఇంకా ఎందుకు నమ్మాలో చెప్పాలి. మన ఇళ్లలో ఉద్యోగం పోవడమంటే ఇంటికంతటికీ తగిలే దెబ్బ అని నీకు తెలుసు. ఎవరికైనా ఉద్యోగం ఇచ్చేముందు ఆ రోజు కూడా రావచ్చని తెలిసే ఇవ్వు. చేతిలో ఎన్ని నెలల జీతాలకు డబ్బుందో నీ మనుషులకు దాచకుండా చెప్పు.

ఇక ఆలోచన సంగతి. 1989లో డిజిటల్ కంపెనీ తన డెక్‌స్టేషన్ 3100లో పెట్టింది మిప్స్ చిప్‌నే. రెండేళ్లకు, 1991లో, ఆ కంపెనీలోనే పనిచేసే దిలీప్ భండార్కర్, డగ్లస్ క్లార్క్ ఒక మిప్స్ యంత్రాన్నీ ఒక వ్యాక్స్ యంత్రాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచి, ఫలితాన్ని ప్రచురించారు. ఒక్కో ప్రోగ్రాంకు పట్టే సైకిళ్లలో మిప్స్‌కు సగటున 2.7 రెట్లు మేలు కనబడింది. ఈ పేపర్‌ను నేను ప్రతి బ్యాచ్‌తోనూ చదివించేవాణ్ని. ఎదుటి పక్షం ఇంజినీర్లు, తమ యంత్రం వెనకబడిందని తామే అంకెలతో చెప్పారు. ఆలోచన గెలవడమంటే అదీ. మిప్స్ షేర్ల ధర ఎంతకు వెళ్లిందో నాకు అంత ముఖ్యంగా తోచదు.

అందుకే నీ థీసిస్ నాలుగో అధ్యాయం గురించి ఒక మాట. మెమరీ రాకపోకలు తగ్గుతున్నాయని సిమ్యులేటర్ మీద చూపించావు. నిజమైన చిప్ మీద ఎక్కడా కొలవలేదు. నా దృష్టిలో నీ ఆలోచన ఇప్పుడు ఆగి ఉన్న చోటు అదే. అది ల్యాబ్‌లోనే తీరాల్సిన పని. కొలిచి చూశాక కూడా ఏ చిప్ కంపెనీ పట్టించుకోకపోతే, అప్పుడు ఆగిన చోటు మారినట్టు. హెనెస్సీ 1984లో నిలబడ్డ చోటికి నువ్వూ వచ్చినట్టు. అప్పుడు కంపెనీ పెడతానంటే మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆ కొలత లేకుండా డబ్బు తీసుకుంటే, ఆ అధ్యాయంలో మిగిలిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సింది జీతాల గడువు మీద. పరిశోధనకు అంతకంటే చెడ్డ చోటు ఉండదు.

కంపెనీ పెట్టడానికి వెళ్లినవాళ్లందరూ తరగతికి తిరిగిరారు. అదేమీ తప్పు కాదు. జిమ్ క్లార్క్ కూడా స్టాన్‌ఫర్డ్‌లోనే పాఠం చెప్పేవారు. త్రీడీ బొమ్మల లెక్కలు చేసే జామెట్రీ ఇంజిన్ అనే చిప్ చేసి, దానితో సిలికాన్ గ్రాఫిక్స్ పెట్టారు. 'జురాసిక్ పార్క్' సినిమాలో కంప్యూటర్‌తో చేసిన రాక్షసబల్లులు కదిలింది ఆ కంపెనీ యంత్రాల మీదే. 1992లో మిప్స్‌ను కొన్నదీ ఆ కంపెనీయే. 1994లో ఆయన అక్కణ్నుంచి వెళ్లి నెట్‌స్కేప్ మొదలుపెట్టారు, మళ్లీ తరగతి వైపు రాలేదు. ఆయన స్వభావం అది. తిరిగొచ్చినవారిలో నీకు దగ్గరగా అనిపించేది తెరెసా మెంగ్ అనుకుంటాను. తైవాన్‌లో పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయిన ఆమె 1998లో సెలవు పెట్టి అథెరాస్ స్థాపించారు. మామూలు చవక సీమాస్ పద్ధతిలో వైఫై రేడియో చిప్‌లు చేయవచ్చని చూపించిన కంపెనీ అది. 2000లో ఆమె మళ్లీ స్టాన్‌ఫర్డ్‌కు వచ్చి పాఠాలూ పరిశోధనా అందుకున్నారు.

తిరిగి రావడం ఎందుకు అంత విలువైందో చెప్పాలంటే హెనెస్సీ దగ్గరికే పోవాలి. కంపెనీలో ఆయన నేర్చుకున్నదంతా ఎక్కడికి పోయింది? 1990లో ప్యాటర్సన్‌తో కలిసి రాసిన 'కంప్యూటర్ ఆర్కిటెక్చర్: ఎ క్వాంటిటేటివ్ అప్రోచ్' లోకి వచ్చింది. ఒకే పందెంలో పోటీపడి పరిగెత్తిన ఇద్దరు కూర్చుని ఒక పుస్తకం రాశారు. అంతకుముందు మేము ఈ సబ్జెక్టును ఎలా చెప్పేవాళ్లమో నీకు తెలియదు. ఈ యంత్రంలో ఇన్ని రిజిస్టర్లు, ఆ యంత్రంలో ఇన్ని అడ్రసింగ్ పద్ధతులు అని జాబితాలు వల్లె వేయించేవాళ్లం. పరీక్ష అయ్యాక పిల్లలకు ఏమీ మిగిలేది కాదు. ఆ పుస్తకం వచ్చాక ఒక ప్రశ్న మిగిలింది: ప్రోగ్రాంకు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు, ఒక్కోదానికి ఎన్ని సైకిళ్లు, ఒక్కో సైకిల్‌కు ఎంత సమయం? ఈ మూడింటినీ గుణించు, ఏ యంత్రం మేలో తెలుస్తుంది. ఈ ఊళ్లో, ఒక మామూలు క్లాస్‌రూమ్‌లో, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఆ గుణకారంతో ప్రపంచంలోని ఏ ప్రాసెసర్‌నైనా నిలదీయడం నేను చూశాను. వాళ్లలో చాలామంది ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో చిప్ డిజైన్ చేస్తున్నారు.

చిప్ తయారీ తెలియని మనిషి ఆ పుస్తకం రాయలేడు. మార్కెట్లోనే ఉండిపోయిన మనిషికి రాసే తీరిక దొరకదు. హెనెస్సీకి రెండూ కుదిరాయి. తర్వాత ఆయన 2000 నుంచి 2016 దాకా స్టాన్‌ఫర్డ్ అధ్యక్షుడిగా ఉన్నారు. 2017 ట్యూరింగ్ అవార్డు ప్యాటర్సన్‌కూ ఆయనకూ కలిపి ఇచ్చారు. ఏటా తయారయ్యే 1,600 కోట్లకు పైగా మైక్రోప్రాసెసర్లలో 99 శాతం ఈ చిన్న ఆజ్ఞల పద్ధతివేనని అవార్డు ఇచ్చినప్పుడు చెప్పారు. పదవులూ అవార్డులూ ఎవరో ఒకరికి వస్తూనే ఉంటాయి. నా కంటికి ఆ పుస్తకమే పెద్దది.

ఇంకో సంగతి విను. కంపెనీ ఆయుష్షు వేరు, ఆలోచన ఆయుష్షు వేరు. మిప్స్ చేతులు మారుతూ వచ్చి, చివరికి 2021లో తన సొంత ఆర్కిటెక్చర్‌ను పక్కనపెట్టి రిస్క్-ఫైవ్ అనే ఇంకో చిన్న ఆజ్ఞల ఆర్కిటెక్చర్ వైపు తిరిగింది. ఆ రిస్క్-ఫైవ్ 2010లో బర్క్‌లీలో పుట్టింది, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా. దాని మీదే ఐఐటీ మద్రాస్ వాళ్లు శక్తి ప్రాసెసర్ చేశారు, 2018లో దాని మీద లినక్స్ నడిపించారు. హెనెస్సీ, ప్యాటర్సన్ పుస్తకం కొత్త కూర్పులోనూ ఉదాహరణలు రిస్క్-ఫైవ్‌లోనే ఉన్నాయి. పేర్లు పోయాయి, యజమానులు మారారు, చిన్న ఆజ్ఞలూ తెలివైన కంపైలరూ అన్న మాట మాత్రం తరగతుల్లో నలిగి ఇంకా గట్టిపడింది. నీ కంపెనీ మూతపడినా నీ ఆలోచన బతికే దారి ముందే చూసి పెట్టుకో. పేపర్లు రాయి, కోడ్‌లో బయటపెట్టగలిగినంత బయటపెట్టు.

కొన్ని పనులు ఏ నిర్ణయం తీసుకున్నా తప్పవు. నీ పీహెచ్‌డీ పని మీద యూనివర్సిటీకి హక్కు ఉంటుంది. ఇన్వెస్టర్ కాగితం మీద సంతకం పెట్టకముందే లైసెన్సింగ్ ఆఫీసుకు వెళ్లి మాట్లాడు. నీ వీసా సంగతి ఒక లాయర్‌కు చూపించు. అమెరికాలో చదువు తర్వాత దొరికే పన్నెండు నెలల పైన, సాంకేతిక చదువులకు ఇచ్చే మరో ఇరవై నాలుగు నెలలు సొంత కంపెనీలో పనిచేసేవాళ్లకు సులువుగా వర్తించవు. స్నేహితుల మాట మీద ఆ విషయం వదిలేయకు. ఉద్యోగంలో చేరితే, మొదటి రోజే మీ డిపార్ట్‌మెంట్‌లో బయటి పనికి ఎన్ని రోజులు ఒప్పుకుంటారో, సెలవు ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకో. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట వారానికి సుమారు ఒక రోజు అనే లెక్క ఉంది. అన్నిచోట్లా అలా ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది రేపు నీ దగ్గర చేరబోయే విద్యార్థుల విషయంలో. ప్రొఫెసర్‌కు కంపెనీ ఉంటే, విద్యార్థి థీసిస్ ఎక్కడ అయిపోతుందో కంపెనీ పని ఎక్కడ మొదలవుతుందో ఆ పిల్లకు తెలియదు, అడిగే ధైర్యమూ ఉండదు. ఎక్కడో తమిళనాడు నుంచో, చైనా నుంచో వచ్చి నీ సంతకం మీద వీసా నిలుపుకుంటున్న పిల్ల అయి ఉంటుంది. ఆ గీత నువ్వే గీయాలి, ఇంకో ప్రొఫెసర్‌కు కూడా చూపించి గీయాలి. ఇది నిబంధనల మాట అనుకోకు. గురువు స్థానంలో కూర్చున్నవాళ్లు మొదట పోగొట్టుకునేది ఈ గీతనే.

మీ నాన్నకు కోపం లేదు. నువ్వు చదువు చెప్పే మనిషివి కావాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది, దాన్ని భయంలా చెబుతున్నాడంతే. హెనెస్సీ సంగతి ఆయనకూ చెప్పాను. "అయితే సెలవు పెట్టి కంపెనీ పెట్టొచ్చా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నువ్వు ఆదివారం ఫోన్‌లో ఆయనకు విడమరిచి చెప్పు.

నాలుగో అధ్యాయం కొలతలు నిజమైన బోర్డు మీద మొదలుపెట్టగానే పట్టికలు నాకు పంపు. గ్రాఫులు వద్దు, అంకెలే పంపు. ఇన్‌స్ట్రక్షన్ల లెక్క, సైకిళ్ల లెక్క వేరువేరు గడుల్లో ఉండాలి. ఏ ప్రోగ్రాంలో నీ పద్ధతి ఓడిపోయిందో దాన్ని పై వరసలో పెట్టు, అక్కణ్నుంచే చదవడం మొదలుపెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న